నేను గెలుచుకున్న ఊళ్ళు

ఇప్పుడు చెబితే మా ఆవిడ కూడా నమ్మదు గానీ, ఆ రోజుల్లో విశాఖపట్నం ముప్పాతిక వంతు నాదే. మల్కాపురం నాది, గాజువాక నాది, బీచి నాది, రైల్వే స్టేషను కూడా నాదే. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. చేతిలో ఓ డిప్లొమా, హ్యాంగరుకి నాలుగు చొక్కాలు, మల్కాపురంలో ఇద్దరం పంచుకునే గది, అసలు ఆస్తి అంటే ఇంతే. అయినా పొద్దున్నే డ్యూటీ బస్సెక్కి కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇదంతా మనదే కదా అనుకుని మీసం దువ్వుకునేవాణ్ణి (మీసం అప్పటికి పూర్తిగా రాలేదు, వచ్చినంత మేరా దువ్వేవాణ్ణి). ఈ ఊళ్ళన్నీ ఎలా సంపాదించానో ఇంట్లో చాలాసార్లు చెప్పి నవ్వించాను. ఆఖరి ఊరు ఎలా సంపాదించానో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి మానేశాను. ఇవాళ చెప్పేస్తాను.

మా వైపు పొడుపు కథలకి ఓ పద్ధతి ఉంది. విప్పలేకపోతే ఊరికే "ఓడిపోయాను" అంటే చెల్లదు. అడిగినవాళ్ళకి ఓ ఊరు ఇచ్చుకోవాలి. ఫలానా ఊరు ఇచ్చేశాను అని నోరారా చెబితేనే జవాబు చెబుతారు. చిన్నప్పుడు మా నానమ్మ ఇలాగే నా దగ్గర సబ్బవరం సంతతో సహా లాగేసుకుంది. మల్కాపురంలో బయల్దేరి గాజువాక మీదుగా ప్లాంటు గేటు దాకా వెళ్ళే మా కాంట్రాక్టు కంపెనీ బస్సులో ఈ ఆట ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేను చేరేసరికే జోరుగా నడుస్తోంది. పొద్దున బస్సులో పేరు పెట్టి ఒకరిని ప్రశ్న అడగాలి, సాయంత్రం తిరుగు బస్సులో వాళ్ళు జవాబు చెప్పాలి. మధ్యలో డ్యూటీ అంతా ఆలోచించుకోవచ్చు. పక్కవాణ్ణి అడక్కూడదు, ఫోను ముట్టుకోకూడదు. తగువులు తీర్చడానికి వెనక సీట్లో మా అంపైరు బావ ఉండేవాడు. వృత్తికి వెల్డరు, కానీ ఎవరు ఏ ఊరు ఎవరికి ఇచ్చారో మొత్తం నోటికి అప్పజెప్పేవాడు. "బావా, గాజువాక మొన్న మంగళవారం నుంచీ నీది కాదు, దిగీముందు పర్మిషన్ అడుగు" అని దిగేవాళ్ళ చొక్కా పట్టుకుని ఆపేవాడు.

చేరిన కొత్తలో నేను రెండు వారాలు వరసగా ఓడిపోయాను. ట్రైనీ సూపర్‌వైజరు ఓడిపోతుంటే బస్సులో జనానికి అంతకన్నా ఆనందం ఏముంటుంది? "సదివింది నువ్వేనా బావా, నీ పేరు మీద ఇంకెవుడైనా సదివీసేడా?" అని అంపైరు బావ అడిగినప్పుడు డ్రైవరు కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ బస్సులో చాలామందివి ఇంకా బటన్ల ఫోన్లే. నా దగ్గర కొత్త టచ్ ఫోను ఉంది. మధ్యాహ్నం స్టోర్ రూము వెనక్కి పోయి, సిగ్నలు కోసం ఓ పీపా మీదికెక్కి, ప్రశ్న కొడితే జవాబు దానంతటదే వచ్చేసేది. సాయంత్రం బస్సులో మాత్రం వెంటనే చెప్పేవాణ్ణి కాదు. కళ్ళు మూసుకునేవాణ్ణి, బస్సు టాపు వంక చూసేవాణ్ణి, వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టేవాణ్ణి, సరిగ్గా గాజువాక సిగ్నలు దగ్గర "ఆఁ!" అని ఉలిక్కిపడి చెప్పేవాణ్ణి. నేను అడిగే ప్రశ్నలూ ఆ ఫోనులోవే. నెల తిరిగేసరికి నా పేరు ప్రొఫెసరు అయిపోయింది, ఊళ్ళు వచ్చి పడ్డాయి. దొంగతనం చేస్తున్నానని ఒక్కరోజు కూడా అనిపించలేదు. తెలివైనవాణ్ణని మాత్రం రోజూ అనిపించేది.

ఆ బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటు గొలుసు మామది. యార్డులో బరువులకి గొలుసులు చుట్టి క్రేన్ కొక్కేనికి తగిలించే ఖలాసీ. ఆ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటిందట. ఆ నెలాఖరుకి దిగిపోతున్నాడు. సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు కాబట్టి ఆటలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి అడిగేవారు కాదు. ఆయన వింటూ కూర్చునేవాడు, ఎవరు గెలిచినా నవ్వేవాడు. ఒక సాయంత్రం నేను నా నాటకమంతా ఆడి, తొమ్మిది నాణేల్లో దొంగ నాణెం కనిపెట్టే జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాక, ఆయన వెనక్కి తిరిగి "అల్లుడూ, అదెలాగొచ్చిందో కూసింత ఇడమరిసి సెప్పు, నానూ నేర్సుకుంటాను" అన్నాడు. ఆ మాటలో ఏ కల్మషమూ లేదు. కానీ ఎలా వచ్చిందో నాకు తెలిస్తే కదా! ఫోనులో ఉన్న నాలుగు ముక్కలు బట్టీ పట్టి అప్పజెప్పడమే గానీ, దాని లోపల ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి చెప్పబోయి తడబడ్డాను, రెండోసారి ఇంకా చిక్కుబడ్డాను. "చదువుకుంటే గానీ అర్థం కాదులే మామా" అని తేల్చేశాను. ఆయన తల ఊపి కిటికీ వైపు తిరిగాడు. నా పరువు తీసినట్టు నాకు మండిపోయింది.

మర్నాడు పొద్దున బస్సు కదలగానే లేచి నిలబడి, "ఇవాళ ప్రశ్న గొలుసు మామకి" అన్నాను. బస్సులో చిన్న గోల మొదలైంది. "మామకెందుకు బావా, వదిలీ" అన్నాడు అంపైరు బావ. నేను వదల్లేదు. "ఐదు లీటర్ల డబ్బా ఒకటి, మూడు లీటర్ల డబ్బా ఒకటి. మధ్యలో గీతలు లేవు. కుళాయిలో నీళ్ళకి లోటు లేదు. సరిగ్గా నాలుగు లీటర్లు కొలిచి ఇవ్వాలి మామా. ఎలా ఇస్తావు?" అని అడిగాను. మామ రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. ఐదు, మూడు, నాలుగు అని పెదాలు కదుపుకుంటూ గేటు దగ్గర దిగాడు. దిగేటప్పుడు ఆయన మొహంలో ఓ వెలుగు ఉంది. ఇన్నేళ్ళలో తనని ఆటలోకి పిలిచింది నేనేనని ఆయన సంతోషించాడని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం ఈ దెబ్బతో ముసలాయన ప్రశ్నలు అడగడం మానేస్తాడనుకున్నాను.

సాయంత్రం బస్సెక్కేసరికి మామ నా కోసమే చూస్తున్నాడు. పంచె అంచులు తడిసి ఉన్నాయి. (డ్యూటీ ప్యాంటు విప్పి పంచె కట్టుకుని ఇంటికెళ్ళడం ఆయనకి అలవాటు.) బస్సు కదలగానే చేతులు రెండూ ముందుకి చాపి, గాల్లో డబ్బాలు పట్టుకున్నట్టు పెట్టి, "ముందుగాల మూడు లీటర్లది నింపీసి ఐదులో పోసీసినాననుకో..." అని మొదలెట్టాడు.

"తప్పు!" అన్నాను.

"ఆఁ?"

"మొదటి అడుగే తప్పు మామా. ముందు ఐదు లీటర్లది నింపాలి."

నా ఫోనులో అలాగే ఉంది. ముందు ఐదుది నింపాలి, అందులోంచి మూడుది నింపాలి, మిగిలిన రెండూ దాచుకుని... అలా పోతుంది ఆ వరస. మామ "అది కాదల్లుడూ, పూర్తిగా ఇను, ఒగ్గీసిన నీళ్ళు..." అని ఏదో అనబోయాడు. నేను చెప్పనిస్తేనా? చెయ్యెత్తి ఆపి, బట్టీ పట్టినదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. అంపైరు బావ కాస్త సందేహంగా "మామని కూడా పూర్తిగా సెప్పనీ బావా" అన్నాడు. "మొదటి అడుగు తప్పాక చివరిదాకా వినేదేముంటుంది? లెక్కంటే లెక్కే" అన్నాను. డిప్లొమా వాడు లెక్కంటే లెక్కే అన్నాక వెల్డరు ఏమంటాడు? మామ గాల్లో పట్టుకున్న డబ్బాలు మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సరే. ఊరేదో సెప్పు, ఇచ్చీస్తాను" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మామూలుగా ఓడినవాళ్ళే తమకి నచ్చిన ఊరు ఇస్తారు. ఇచ్చేది ఏ చోడవరమో, ఏ శ్రీకాకుళమో, ఎవరికీ నొప్పి లేని ఊరు అయి ఉంటుంది. నేను మాత్రం "ఏదో ఊరు కాదు, నీ సొంత ఊరే ఇవ్వాలి" అన్నాను. బస్సులో ఎవరో "ఓరి నాయనా" అన్నారు. మామ చేతులు పంచెకి తుడుచుకున్నాడు. తర్వాత ఊరు పేరు చెప్పాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆ పక్క కర్మాగారాలు కట్టడానికి ఖాళీ చేసిన ఊళ్ళలో అదొకటి. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడే గాజువాక అవతల కాలనీకి వచ్చేశారట. "గేటు దాటినాక రెండో మలుపు కాడ మా ఇల్లుండేది. తూరుపునకి జీడితోట, అది దాటితే సముద్రం. రామకోవెల కాడ ఓ పెద్ద నుయ్యి. అంతా ఇచ్చీసాను అల్లుడూ" అన్నాడు. పత్రం మీద సంతకం పెట్టినంత శ్రద్ధగా అన్నాడు. మేమంతా రోజూ గేటు దాటి రెండో మలుపు మీదుగానే యార్డుకి పోతామని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. బస్సు నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. గెలిచినవాడు నేను కదా! అందుకని "చూశావా బావా, లేని ఊరిచ్చి తప్పించుకుంటున్నాడు, ఇంకోటి కలిపి ఇమ్మను!" అన్నాను.

నలుగురైదుగురు నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఏదో పని మీద యార్డు చివర ఖలాసీలు భోజనం చేసే షెడ్డుకి వెళ్ళాను. మామ అక్కడ లేడు, లోడు దగ్గర ఉన్నాడు. కుళాయి పక్కన రెండు డబ్బాలు బోర్లించి ఉన్నాయి. ఒకటి ఐదు లీటర్ల పెయింటు డబ్బా. రెండోది ఏదో నూనె డబ్బా, మూడు లీటర్ల దగ్గర పైభాగం కత్తిరించేసి, అంచు ఎవరి చేతికీ గీరుకోకుండా లోపలికి మడిచి ఉంది. పక్కనే అన్నం తింటున్న మరో ఖలాసీ నన్ను చూసి, "మామయి బాబూ అవి. నిన్న బువ్వ కూడా తిన్నేదు. బెల్లు కొట్టీదాకా నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. ఆకరికి 'వచ్చీసింది!' అని ఒకటే గంతులు, బస్సెక్కీముందు పంచె కట్టుకుని ఇంకోసారి కొలిసి సూసుకున్నాడు. నువ్వు తప్పన్నావంట కదా?" అన్నాడు. అతను కడుక్కుని వెళ్ళేదాకా ఆగి, నేను ఆ డబ్బాలు తీశాను. మామ చెప్పినట్టే మూడుది నింపి ఐదులో పోశాను. మళ్ళీ మూడుది నింపి పోస్తే ఐదుది నిండిపోయి, మూడులో ఒక లీటరు మిగిలింది. ఐదుది పారబోశాను. ఆ ఒక్క లీటరూ అందులో పోశాను. మళ్ళీ మూడుది నింపి దాంట్లో పోశాను. ఒకటీ మూడూ నాలుగు. నిక్కచ్చిగా నాలుగు లీటర్లు నా బూట్ల ముందు నిలబడి ఉన్నాయి. రెండు దారులున్న లెక్కకి నా ఫోను ఒకటే చెప్పింది. రెండోది బువ్వ మానేసి కనిపెట్టినవాణ్ణి నేను మొదటి మాటకే నోరు మూయించాను. ఆ నీళ్ళు పారబోయడానికి కూడా నాకు చేతులు రాలేదు. డబ్బా అలాగే వదిలేసి వచ్చేశాను.

ఇక్కడ మీరు, వెంటనే వెళ్ళి మామ కాళ్ళ మీద పడ్డాననుకుంటారు. పడలేదు. సాయంత్రం బస్సులో అందరి ముందూ చెప్పేద్దామని మూడు రోజులు అనుకున్నాను. ప్రొఫెసరు అనే పేరు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. అందుకని ఓ దొంగ ఉపాయం ఆలోచించాను. మామ నన్ను ఏదో అడిగితే, నేను కావాలని ఓడిపోయి, గుట్టు చప్పుడు కాకుండా ఆ ఊరు తిరిగి ఇచ్చేయొచ్చు కదా అని. "మామా, నన్నో ప్రశ్న అడుగు, నీకు బాకీ ఉన్నాను" అన్నాను. "నాకాడ ఏటుంది అల్లుడూ, రేపు ఓడిపోతే ఇయ్యడానికి ఊరు కూడా నేదు" అన్నాడు. బస్సంతా నవ్వింది, నా వంక చూసి కాదు గానీ నాకు మాత్రం చెంపలు వాచినట్టయింది. నెలాఖరున ఆయన ఆఖరి డ్యూటీ రోజు బస్సులోనే శాలువా కప్పి, స్వీట్లు పంచాం. రెండు మాటలు మాట్లాడమని నన్నే నిలబెట్టారు. అప్పుడైనా చెప్పాలని గొంతు దాకా వచ్చింది. లేచి, మామ సేవలు మరువలేనివి, ఆయన శేష జీవితం సుఖశాంతులతో సాగాలి అని ఏదో వాగి కూర్చున్నాను. అంత చెత్త ఉపన్యాసం నేను జన్మలో ఇవ్వలేదు. మామ గాజువాక దాటాక తన స్టాపులో దిగి, డ్రైవరుకీ మాకూ దండం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆ కిటికీ సీటులో ఎవరూ కూర్చోలేదు, నన్ను కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

తర్వాతి ఆదివారం ఆ కాలనీ వెతుక్కుంటూ వెళ్ళాను. మామ వాకిట్లో వల అల్లుతున్నాడు. ("వాళ్ళన్నయ్య కొడుకు యేటకి పోతాడు, వాడికి" అని అత్త తర్వాత చెప్పింది.) నన్ను చూసి లేచి, లోపలికి "ఇదిగో, మన పెపెసరు వచ్చినాడు, టీ పెట్టు" అని కేకేశాడు. టీ రాకముందే నేను చెప్పేశాను. ఫోను సంగతి, పీపా సంగతి, బట్టీ సంగతి, డబ్బాలతో నేను కొలిచిన నాలుగు లీటర్ల సంగతి, అన్నీ. తల ఎత్తకుండా చెప్పాను. ఆఖర్న "నీ జవాబు కరెక్టే మామా" అన్నాను.

"తెలుసు కదేటి" అన్నాడు మామ.

"తెలుసా?"

"నాలుగు లీటర్లు నా కళ్ళముందల కొలిసినాను. నువ్వు తప్పంటే తరిగిపోతాయేటి?"

"మరి ఎందుకు ఒప్పుకున్నావు మామా? ఊరు కూడా ఇచ్చేశావు!"

మామ వల పక్కన పెట్టాడు. "నాను పది రోజుల్లో దిగిపోయీవోణ్ణి. నువ్వు ఇంకా ముప్పయ్యేళ్ళు ఆ బస్సెక్కాల. అందరి ముందల నీ మొకం సిన్నబోతే ఎలాగెక్కుతావు?" అన్నాడు. పంచె మీది దారప్పోగులు దులుపుకుని, "కానీ లేని ఊరన్నావు సూడు, అది నచ్చనేదు" అన్నాడు.

ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. "నన్నో ప్రశ్న అడుగు మామా, ఈసారి ఫోను ముట్టుకోను, ఆట ఆటలాగే ఆడదాం" అని బతిమాలాను. మామ టీ ఊదుకుంటూ ఆలోచించి, "సరే ఇను. పుట్టినకాణ్ణుంచీ వంగే ఉంటాది, నడుం నొప్పనదు. ఏనుగునైనా ఎత్తుతాది, సీమని ఎత్తనేదు. ఏటది?" అన్నాడు. నేను కావాలని ఓడిపోవాలనుకుని వెళ్ళాను. ఆ అవసరం లేకపోయింది, నిజంగానే తెలీలేదు. ఫోను జేబులోనే ఉంది, ఆ రోజు మాత్రం చెయ్యి అటు పోలేదు. ముసలమ్మ అన్నాను. ఏనుగు తొండం అన్నాను. కొడవలి అన్నాను. "కొడవలి ఏనుగునెత్తుతాదా? ఓలమ్మా!" అని అత్త లోపల్నుంచి పడి పడి నవ్వింది. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కొట్టుకుని, చేతులెత్తేశాను.

"ఓడిపోయాను మామా. మీ ఊరు మీకు ఇచ్చేశాను."

"అది నీదెప్పుడయినాది, ఇయ్యడానికి?" అన్నాడు మామ. "తొండాటలో పోయిన ఊరు పోయినట్టు కాదు. అది నా కాడే ఉంది. నీ సొంత ఊరియ్యి."

ఆయన నవ్వుతూనే అడిగాడు. అది ఆటే అని నాకూ తెలుసు. అయినా సబ్బవరం అవతల ఉన్న మా ఊరి పేరు నోట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. మా అమ్మ పొద్దున్నే నీళ్ళు చల్లే వాకిలి, నాన్న సైకిలు ఆన్చే గోడ, బడి దగ్గర సపోటా చెట్టు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఉన్న ఊరు, రెండు బస్సులు మారితే చేరే ఊరు, ఉత్తి మాటగా ఇవ్వడానికే నాకింత కష్టమైతే, ఆ రోజు బస్సులో ఆయన ఇచ్చింది ఏమిటో నాకప్పుడు తెలిసింది. మెల్లగా మా ఊరి పేరు చెప్పి, "ఇచ్చేశాను మామా" అన్నాను. మామ "తీసీసుకున్నాను" అన్నాడు. తర్వాత జవాబు చెప్పాడు. క్రేన్ కొక్కెం. ఏడాదిగా రోజూ నా తల మీదే తిరుగుతున్నది అదే.

సోమవారం బస్సులో లేచి నిలబడి అంతా చెప్పాను. అంపైరు బావ నా ఊళ్ళన్నీ ఒక్కొక్కటే పేరు పేరునా వెనక్కి తీసుకుని, ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాడు. గాజువాక వచ్చేసరికి నాకు నిలబడ్డానికి జానెడు జాగా లేదు. ప్రొఫెసరు అనే పేరు మాత్రం పోలేదు. దాన్ని పిలిచే తీరు మారింది, అంతే. ఆ బస్సు నేను మరో నాలుగేళ్ళు ఎక్కాను.

మామకి ఇప్పుడు టచ్ ఫోను ఉంది. రాయడం రాదు కాబట్టి వారానికోసారి గొంతు రికార్డు చేసి ఓ పొడుపు కథ పంపిస్తాడు. మూడింట రెండు విప్పలేను. (మా ఆవిడ విప్పేస్తుంది, కానీ పక్కవాళ్ళని అడక్కూడదు కదా.) ఆ తర్వాత న్యాయంగా గెలుచుకున్నవాటిలో పోయేవి పోగా ఈ నగరంలో నాకు ప్రస్తుతం మిగిలింది ఎన్‌ఏడీ జంక్షను ఒక్కటే, అది కూడా వచ్చే వారం పోయేలా ఉంది. మా ఊరు తిరిగి గెలుచుకోవాలని నేను ఎప్పుడూ గట్టిగా ప్రయత్నించలేదు. మొన్న అమ్మని చూడ్డానికి వెళ్ళి, వాకిట్లో నిలబడి ఉండగా ఫోను మోగింది. "అల్లుడూ, మనూళ్ళో వానలు పడతన్నాయేటి? జీడితోటలు బాగున్నాయేటి?" అని అడిగాడు మామ. నేను పుట్టిన వీధిలో, మా అమ్మ చూస్తుండగా, చినుకుల్లో తడుస్తూ అటూ ఇటూ చూసి, "మీ ఊళ్ళో బాగానే పడుతున్నాయి మామా" అని చెప్పాను.